ఇటలీలోని చింక్వే తెర్రె ఊళ్ళలో భోజనం: చేపల రేటు, శాకాహారం, నట్స్ ఎలర్జీ. తెలిసినవాళ్ళు చెప్పండి

గోదారిగట్టు
మే చివర్లో నలుగురం మొంతెరొస్సో, వెర్నాజా వెళ్తున్నాం. ఇద్దరు శాకాహారులు, ఒకరు చేపలు తప్ప ఇంకే మాంసమూ ముట్టరు, తొమ్మిదేళ్ళ పాపకి నట్స్ పడవు. పెద్ద రెస్టారెంట్లు వద్దు, మామూలు త్రత్తోరియా (ఇంటి తరహా చిన్న హోటల్) చాలు. మెనూ ఎలా చదవాలి, బిల్లు ఎంతవుతుంది, ఏం అడగాలి అన్నవి కావాలి. "సూపర్ ఉంటుంది, తప్పక వెళ్ళండి" లాంటి జవాబులు వద్దు ప్లీజ్.

లిగూరియా_వంటిల్లు
ముందు టైము సంగతి చూసుకోండి. మధ్యాహ్నం వంట దాదాపు 12:30 నుంచి 2:30 వరకే. తర్వాత పొయ్యి ఆర్పేస్తారు, మళ్ళీ తెరిచేది రాత్రి 7, 7:30కి. మధ్యలో ఆకలేస్తే ఫొకాచ్చా అమ్మే బేకరీకో, కాగితం పొట్లంలో చేపల వేపుడు పెట్టిచ్చే కొట్టుకో వెళ్ళాలి. రాత్రి తెరవగానే వెళ్తే టేబుల్ దొరకొచ్చు. 8 దాటాక అయితే ముందే ఫోన్ చేసి చెప్పుకోండి, ఈ ఊళ్ళలో హాళ్ళు చిన్నవి.

మెనూలో వరస ఇది: ఆంతిపాస్తో (ముందు తినే చిన్న వంటకాలు), ప్రీమో (పాస్తా, రిసోత్తో), సెకోందో (చేప, మాంసం), కొంతోర్నో (కూరగాయలు, సలాడ్), దోల్చె (తీపి). సెకోందో చెప్తే ప్లేట్లో చాలాచోట్ల చేప ఒక్కటే వస్తుంది. పక్కన బంగాళాదుంపలో ఆకుకూరో కావాలంటే కొంతోర్నో వేరే చెప్పాలి, దాని డబ్బులు వేరే. అన్నీ తినితీరాలన్న రూలేమీ లేదు. మనిషికో ప్రీమో, అందరికీ మధ్యలో ఒక చేపల వేపుడు, రెండు కొంతోర్నోలు చెప్తే నలుగురికి కడుపు నిండుతుంది. ఒకే పాస్తా తెప్పించి నలుగురూ పంచుకుంటామంటే మాత్రం మొహం మాడుస్తారు. పాపకి "మెద్జా పొర్సియోనె", అంటే సగం ప్లేటు, అడగొచ్చు.

ఇంకోటి. వాళ్ళు వరసలో ఒకటి ముగిశాకే ఇంకోటి తెస్తారు. శాకాహారులు పాస్తా తినేసి మిగతావాళ్ళ చేప కోసం అరగంట చేతులు కట్టుకు కూర్చోకుండా "తుత్తో ఇన్సియెమె" అనండి, అన్నీ కలిపి తెస్తారు.

పులుసుముక్క
చేపల రేటు దగ్గర జాగ్రత్త. వేపుడుకీ పాస్తాకీ ప్లేటు రేటు ఉంటుంది. ఒక్క చేపని పూర్తిగా కాల్చి ఇచ్చేచోట మాత్రం "ఆల్'ఎత్తో" అని రాస్తారు. ఎత్తో అంటే 100 గ్రాములు. మెనూలో 6 యూరోలు కనబడగానే చవకే అనుకుంటారు, అది కిలో 60. మన పండుగప్పలాంటి బ్రంజీనో 800 గ్రాములది తీసుకుంటే 48 యూరోలు. పైగా ఆ తూకం పచ్చిచేపది. తల, ముల్లు, పేగులు అన్నీ కలిపి. తినే కండ అందులో సగం అటూ ఇటూ.

చేయాల్సింది ఇదీ: చేపని పళ్ళెంలో తెచ్చి చూపించమనండి. తూకం వేయించి, "క్వాంతో వియెనె ఇన్ తుత్తో?" అని మొత్తం ధర పొయ్యి ఎక్కకముందే అడగండి. అక్కడ ఇది మామూలే, ఎవరూ తప్పు పట్టరు. ఇద్దరికి 600 నుంచి 800 గ్రాముల చేప చాలు. ముళ్ళు తీయడం రాకపోతే "లో పులీషె, పెర్ ఫవోరె?" అంటే వెయిటరే టేబుల్ దగ్గర రెండు చెంచాలతో వెన్నెముక లాగేసి, కండ విడదీసి పెడతాడు.

పేరు పక్కన నక్షత్రం గుర్తుంటే ఆ సరుకు ఫ్రీజర్‌లోది అని అర్థం, మెనూ చివర చిన్న అక్షరాల్లో ఉంటుంది. వేపుళ్ళలో స్క్విడ్, రొయ్యలు చాలాచోట్ల అలాంటివే. అది మోసం కాదు, చెప్పి అమ్ముతున్నట్టే. తాజావే కావాలంటే నెత్తళ్ళు చెప్పండి. వాటిని అక్కడ అచ్చూగె అంటారు, మొంతెరొస్సో వాటికే పేరుపడింది, మీరెళ్ళే రోజులు సీజనే. వేయించినవి చిన్నవైతే ముల్లుతో సహా నమిలేయొచ్చు. వెర్నాజాలో ఈ నెత్తళ్ళనే బంగాళాదుంపలు, టమాటాలతో పొరలుపొరలుగా పేర్చి ఓవెన్లో పెట్టే "తెగామె" ఉంటుంది, చేపలు తినేవాళ్ళకి అదే నా ఓటు. కొన్నిచోట్ల అది ఇద్దరికి తక్కువ ఇవ్వరు, మెనూలో "మీనిమో 2 పెర్సోనె" ఉందేమో చూడండి.

టమాటా_పప్పు
నెత్తళ్ళు నిమ్మరసంలో ఊరేసి పచ్చివే పెడతారట కదా, పిల్లలకి పర్లేదా?

పులుసుముక్క
నిమ్మరసం చేపని తెల్లబరుస్తుందే గాని అనిసాకిస్ అనే పురుగుని చంపదు. అందుకే పచ్చిగా వడ్డించే చేపని ముందు -20 డిగ్రీల దగ్గర కనీసం 24 గంటలు గడ్డకట్టించి ఉంచాలని యూరోపియన్ యూనియన్ నిబంధన. మెనూలో "అబ్బత్తూతో" అన్న మాట దాని గురించే. ఆ మాట కనబడకపోతే అడగండి. చిన్నపిల్లలకి, గర్భిణులకి ఎలాగూ వేయించినవే మేలు.

అల్లం_పచ్చడి
నట్స్ ఎలర్జీ గురించి ఎవరూ ఎత్తలేదు, అసలు భయపడాల్సింది అక్కడే. యూరప్‌లో తినేవాళ్ళకి తప్పనిసరిగా చెప్పాల్సిన ఎలర్జీ పదార్థాలు 14. బాదం, వాల్‌నట్, జీడిపప్పు, పిస్తా లాంటివి అందులో ఉన్నాయి. పైన్ నట్స్ లేవు! ఆ ఊళ్ళలో పెస్తోలో (బేసిల్ ఆకు, నూనె, చీజ్ కలిపి నూరే పచ్చడి) మామూలుగా వేసేవి పైన్ నట్సే. అంటే ఎలర్జీ పట్టికలో నట్స్ గడి ఖాళీగా ఉన్నా పెస్తోలో పైన్ నట్స్ ఉండొచ్చు. దానికితోడు సీసాల్లో వచ్చే పెస్తోలో జీడిపప్పు కలపడం మామూలు.

మిగతా చోట్ల ఎక్కడ దాక్కుంటాయంటే: "అల్లా లిగురె" అని రాసిన చేపలో ఆలివ్‌లతో పాటు పైన్ నట్స్ వేస్తారు. పన్సోతి అనే పాస్తా మీద పోసేది వాల్‌నట్ సాసే. మొర్తదెల్లా అనే పంది మాంసం సాసేజ్‌లో పిస్తా ఉండొచ్చు. పాపకి ఏ నట్స్ పడవో డాక్టర్ దగ్గర పేరుపేరునా రాయించుకుని, ఈ వాక్యం ఫోన్‌లో పెట్టుకోండి: "మీయా ఫీల్యా ఎ అల్లెర్జికా అల్లా ఫ్రుత్తా ఆ గుష్యో ఎ అయి పినోలి." చివరి రెండు మాటలూ పైన్ నట్స్ కోసం, అవి వదిలేయొద్దు. ఒకే మిక్సీ, ఒకే గరిటె వాడతారు కాబట్టి పెస్తో నూరే వంటింట్లో పాపకి టమాటా పాస్తా చెప్పినా సరే, గరిటె, గిన్నె వేరే పెట్టమని విడిగా అడగాలి. ఎలర్జీ గట్టిదైతే మందు టేబుల్ మీదే ఉండాలి, రూములో కాదు.

గోదారిగట్టు
పైన్ నట్స్ సంగతి అసలు తెలీదండీ, చాలా థాంక్స్. శాకాహారుల మాటేమిటి? ఒకరు గుడ్డు కూడా తినరు.

లిగూరియా_వంటిల్లు
ఆ ఊళ్ళున్న లిగూరియా ప్రాంతంలో ఆకుకూరలు, ఆలివ్ నూనె ఎక్కువ, కాబట్టి ఆ మేరకు సులువు. చిక్కంతా చీజ్‌తో. పార్మిజానోని దూడ కడుపులోంచి తీసే రెన్నెట్‌తో విరగ్గొడతారు, వాళ్ళ నిబంధనే అది. పెస్తోలో అదీ, పెకొరీనో అనే గొర్రెపాల చీజూ పడతాయి. మీ ఇంట్లో అది పట్టింపైతే పెస్తో కూడా వదిలేయాలి.

పట్టింపు లేకపోతే మొదటి ఎంపిక త్రోఫియె అల్ పెస్తో. త్రోఫియె పిండి, నీళ్ళతోనే చేస్తారు, గుడ్డుండదు. బంగాళాదుంప ముక్కలు, బీన్స్ అదే నీళ్ళలో ఉడికించి కలుపుతారు. పన్సోతి లోపల ఆకుకూర, రికోత్తా అనే మెత్తని చీజ్ ఉంటాయి, అయితే గుడ్డు కూడా ఉంటుంది.

చీజూ గుడ్డూ రెండూ వద్దంటే ఫరినాతా. శనగపిండి, నీళ్ళు, నూనె, ఉప్పు, అంతే. పిండికి మూడింతలు నీళ్ళు పోసి కొన్ని గంటలు నానబెట్టి, పైన తేలిన నురగ తీసేసి, వెడల్పాటి రాగి పళ్ళెంలో బాగా మండే కట్టెల ఓవెన్లో కాలుస్తారు. మన శనగపిండి అట్టుకి అన్న. పళ్ళెం బయటికి తీసిన వెంటనే తినాలి, చల్లారితే చెమ్మగిల్లి సాగుతుంది. మిరియాల పొడి పైన చల్లుకోండి. చేపపిల్లలు వేసిన రకం కూడా ఉంటుంది, "సెంప్లిచె" అంటే ఏమీ వేయనిది.

మోసపోయే చోట్లు: కూరగాయలు కూరి కాల్చే "రిపియెని"లో మాంసం కలిసి ఉండొచ్చు. ఆలిచిప్పల్ని పక్కనున్న లా స్పెత్సియా నగరం వైపు మూస్కొలి అంటారు, అవే కూరి వండితే లోపల చాలాసార్లు మొర్తదెల్లా, అంటే పంది మాంసం. మీ చేపల మనిషికి ఇది ముందే చెప్పండి. పన్న కొత్తాలో జెలటిన్ (పశువుల ఎముకలు, చర్మం నుంచి తీసేది), తిరమిసులో పచ్చిగుడ్డు. తీపికి సొర్బెత్తో (పండ్ల రసంతో చేసే ఐస్) నయం.

ఆవకాయ_జాడీ
కారం గురించి కూడా చెప్పాలి కదా. లిగూరియా వంటలో కారమే లేదు. "ఓల్యో పిక్కాంతె" అడిగితే మిరపకాయ నూనె ఇస్తారు. పాస్తా "ఆల్యో, ఓల్యో ఎ పెపెరొంచీనో" చెప్తే వెల్లుల్లి, నూనె, ఎండుమిర్చి మాత్రమే, మెనూలో లేకపోయినా చాలాచోట్ల చేసిపెడతారు. పచ్చడి పొట్లం బ్యాగులోంచి తీయకండి, బయటి తిండి టేబుల్ మీద పెడితే ఒప్పుకోరు. చేపల పాస్తా మీదికి చీజ్ అడిగితే మాత్రం రెండోసారి మీ టేబుల్ వైపు నవ్వుతూ రారు.

టమాటా_పప్పు
బిల్లులో కోపెర్తో (టేబుల్ దగ్గర కూర్చున్నందుకు మనిషికింత) అని వేస్తారు, దాన్ని ఇటలీలో నిషేధించారు కదా?

పులుసుముక్క
రోమ్ ఉన్న లాత్సియో ప్రాంతంలో 2006లో చట్టం చేశారు. లిగూరియాలో అలాంటిదేం లేదు. మనిషికి 2, 3 యూరోలు, బ్రెడ్ అందులోనే. మెనూలో రాసి ఉండాలి, రాయకుండా బిల్లులో వేస్తే అడగొచ్చు. నీళ్ళు సీసా కొనాలి: "నతురాలె" మామూలువి, "ఫ్రిజ్జాంతె" గ్యాసువి.

ఉజ్జాయింపు లెక్క: కోపెర్తో 10, నీళ్ళు రెండు సీసాలు 6, నాలుగు ప్రీమోలు 56, వేపుడు 18, కొంతోర్నోలు 12, ఇంటి తెల్ల వైను అరలీటరు 8. మొత్తం 110 యూరోలు. టిప్ అవసరం లేదు, బాగుంటే చిల్లర వదిలేయండి. "సెర్విత్సియో" అని 10 శాతం ముందే వేశారేమో చూసుకోండి. 2022 జూన్ 30 నుంచి కార్డు కాదంటే షాపువాళ్ళకి జరిమానా ఉంది, కాబట్టి మెషీన్ పనిచెయ్యట్లేదంటే డబ్బు తీసేముందు ఇంకోసారి అడగండి. నలుగురికి నాలుగు బిల్లులు రాయమంటే విసుక్కుంటారు, ఒకరే కట్టి బయట పంచుకోండి.

గోదారిగట్టు
వెర్నాజాలో రాత్రి భోంచేసి లా స్పెత్సియా రూముకి తిరిగి రావడం కుదురుతుందా?

లిగూరియా_వంటిల్లు
కుదురుతుంది. లెవాంతో, లా స్పెత్సియా మధ్య రైలు అన్ని ఊళ్ళలోనూ ఆగుతుంది. కానీ రాత్రి పొద్దుపోయాక రైళ్ళు పలచబడతాయి. టేబుల్ చెప్పుకునే ముందే ఆఖరి రెండు రైళ్ళ టైము చూసి పెట్టుకోండి. అక్కడ అడగనిదే బిల్లు తేరు, మిమ్మల్ని లేపేస్తున్నట్టు ఉంటుందని. దోల్చె చెప్పేటప్పుడే "ఇల్ కోంతో, పెర్ ఫవోరె" కూడా అనేయండి, స్టేషన్‌కి పరిగెత్తే పని తప్పుతుంది.