షుగర్ తగ్గింది, బరువు పెరుగుతోంది. మాత్రల వల్లేనా?

తెనాలి అమ్మాయి:
నాన్నగారికి 58 ఏళ్లు, కిరాణా కొట్టు, పొద్దున తెరిచింది మొదలు రాత్రి కట్టేసేదాకా గల్లా దగ్గర కూర్చునే పని. పోయినేడు ఉన్నట్టుండి 71 కిలోల మనిషి 63కి వచ్చేశారు. చూసినవాళ్లంతా చిక్కిపోయారేంటని అడుగుతుంటే ఆయన మాత్రం పొట్ట తగ్గిందని తెగ సంబరపడ్డారు. రాత్రిళ్లు నాలుగైదుసార్లు మూత్రానికి లేస్తున్నారని అమ్మ గొడవ చేస్తే అప్పుడు టెస్ట్ చేయించాం. పరగడుపున 218, మూడు నెలల షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 9.8. మాత్రలు మొదలుపెట్టాక ఇప్పుడు పరగడుపున 128, హెచ్‌బీఏ1సీ 7.1. బాగానే ఉంది కానీ బరువు 66 అయింది. "మాత్రలేసుకున్నాకే ఒళ్లొస్తోంది, బరువు పెరిగితే షుగర్ పెరుగుతుందంటారుగా, మానేస్తా" అని ఒకటే పట్టు. ఏం చెప్పాలండీ?

లెక్కల మాస్టారు:
ముందు మాత్రలు మానొద్దని చెప్పండమ్మా. రక్తంలో చక్కెర ఇంచుమించు 180 దాటితే కిడ్నీలు దాన్ని ఆపలేక మూత్రంలోకి వదిలేస్తాయి. దాంతోపాటు నీరూ పోతుంది, అందుకే ఆ దప్పిక, రాత్రిళ్లు లేవడం. గ్రాము చక్కెరకు 4 కేలరీలు. రోజుకు 70 గ్రాములు పోయిందనుకోండి, 280 కేలరీలు, అంటే నాలుగైదు ఇడ్లీలు తిని ఒంటికి పట్టకుండా బయటికి పంపినట్టే. ఇన్సులిన్ సరిగ్గా పనిచేయక ఒళ్లు కండను కూడా కరిగించుకుంటుంది. మీ నాన్నగారు పొట్ట తగ్గిందనుకున్న దాంట్లో కొవ్వు ఎంతో, కండ ఎంతో, నీరు ఎంతో ఎవరికి తెలుసు! ఇప్పుడు చక్కెర లోపల నిలుస్తోంది కాబట్టి పోయిన బరువులో కొంత తిరిగొచ్చింది, ఇందులో వింతేమీ లేదు. హెచ్‌బీఏ1సీ మూడు నెలల సగటు చెప్తుంది, 7 అంటే సగటున 154, 9 అంటే 212. ఆయన 9.8 నుంచి 7.1కి వచ్చారు, చిన్న విషయం కాదు.

రాగిసంగటి:
అన్నం పూర్తిగా మానిపించి మూడు పూటలా రాగి సంగటి, పొద్దున్నే కాకరకాయ రసం. మాత్రల అవసరమే ఉండదు.

గుంటూరు కారం:
సంగటి కూడా పిండిపదార్థమే కదా గురూ, ఇంతింత ముద్దలు రెండు లాగిస్తే అన్నం తిన్నట్టే షుగర్ ఎగబాకుతుంది. ఏం తిన్నామన్నది ఎంత ముఖ్యమో ఎంత తిన్నామన్నదీ అంతే. కంచంలో సగం కూర, ఓ గరిటె పప్పు, గుడ్డో చేపో పెట్టుకున్నాక మిగిలిన చోట అన్నం పెట్టుకుంటే చాలు.

తెనాలి అమ్మాయి గారూ, బరువు పెరిగితే షుగర్ పెరుగుతుందని నాన్నగారు అన్నది అబద్ధం కాదు, కాకపోతే దాన్ని మాత్రలు మానడానికి వాడుకుంటున్నారు. మనవాళ్లకి బీఎంఐ (ఎత్తును బట్టి బరువు ఎంతుందో చెప్పే లెక్క) 23 దాటితే చాలు, ఎక్కువ బరువు కింద లెక్క, 25 దాటితే ఊబకాయం. మగవాళ్లకి నడుము 90 సెంటీమీటర్ల లోపు ఉండాలి. చూడ్డానికి సన్నగా ఉండి లివర్‌లో, ఇన్సులిన్ తయారుచేసే పాంక్రియాస్‌లో కొవ్వు పేరుకున్నవాళ్లు మనలో చాలామంది. బ్రిటన్‌లో డైరెక్ట్ అని ఒక పరిశోధన జరిగింది, 2017లో ఫలితాలొచ్చాయి. డాక్టర్ల పర్యవేక్షణలో 15 కిలోలు, అంతకు మించి తగ్గినవాళ్లలో 86 శాతం మందికి ఏడాది తర్వాత మందుల్లేకుండానే షుగర్ అదుపులో ఉంది. వాళ్లు బాగా లావుగా ఉన్నవాళ్లు, షుగర్ వచ్చి ఆరేళ్లు దాటనివాళ్లు, కాబట్టి ఆ లెక్క నాన్నగారికి అచ్చంగా పెట్టలేం. కానీ షుగర్ అదుపులో ఉండగా నాలుగైదు కిలోలు తగ్గితే అది మంచి తగ్గడం. మందులు వాడుతూ షుగర్ బాగున్నా బరువు దానంతటది పడిపోతుంటే మాత్రం డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే.

ఇంతకీ ఏ మాత్రలు? మధ్యలో ఆకలి, వణుకు లాంటివి ఉన్నాయా?

తెనాలి అమ్మాయి:
అమ్మనడిగి రాస్తున్నా. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్. పదకొండింటికి చెమటలు పట్టి చేతులు వణుకుతున్నాయని కొట్లోంచే ఒక బిస్కెట్ ప్యాకెట్ తీసి మొత్తం తినేస్తున్నారట! నాకిప్పటిదాకా చెప్పనే లేదు.

లెక్కల మాస్టారు:
ఇదిగో దొరికింది. మెట్‌ఫార్మిన్‌తో బరువు పెరగదు, గ్లిమిపిరైడ్‌తో పెరగొచ్చు, అది షుగర్‌ని మరీ కిందికీ లాగొచ్చు. పొద్దున మాత్ర వేసుకుని టిఫిన్ ఆలస్యం చేస్తున్నారేమో కూడా అడగండి. ఈసారి వణుకు రాగానే గ్లూకోమీటర్‌తో చూడమనండి. 70 కంటే తక్కువుంటే బిస్కెట్లు కాదు, మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకుని తాగి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూసుకోవాలి. మీటర్ చేతికి అందకపోతే ముందు చక్కెర నీళ్లు తాగేయమనండి, రీడింగ్ తర్వాత. ఆ అంకెలన్నీ టైముతో సహా కాగితం మీద రాసి ఈ వారంలోనే డాక్టర్‌కి చూపించండి. డోసు తగ్గిస్తారో, వేరే మాత్రకు మారుస్తారో ఆయనే చూసుకుంటారు.