అప్‌డేట్: సీ23 కోసం కంపైలర్ మాన్యువల్ మార్పులు

మొన్న అడిగాను కదా, మా కంపైలర్ మాన్యువల్‌లో సీ2ఎక్స్ (సీ భాష కొత్త ప్రమాణానికి ముసాయిదా దశలో ఉన్న పేరు) అని ఉన్న చోటల్లా సీ23 (అదే ప్రమాణానికి ఇప్పటి పేరు) అని మార్చేస్తే చాలా అని. చాలదు. పేరు మార్చడం పది నిమిషాల్లో అయిపోయింది, అసలు పని ఉదాహరణల్లో ఉంది. ఒకచోట ఫంక్షన్ డిక్లరేషన్ ఖాళీ బ్రాకెట్లతో ఉంది, పాత సీలో దానర్థం ఆర్గ్యుమెంట్ల గురించి ఏమీ చెప్పలేదని, సీ23లో మాత్రం అసలు ఆర్గ్యుమెంట్లే లేవని, అందుకే కింది లైన్లో రెండు విలువలు పంపగానే ఎర్రర్ వచ్చింది. బూల్, ట్రూ, ఫాల్స్ కూడా ఇప్పుడు భాషలోని కీవర్డ్‌లే, వాటి కోసం హెడర్ ఫైల్ చేర్చక్కర్లేదు. జీసీసీ కంపైలర్ 15వ వెర్షన్‌లో డిఫాల్టే గ్నూ23 (సీ23కి గ్నూ అదనపు సౌకర్యాలు కలిపిన రూపం) అయింది కాబట్టి ఇది వాయిదా వేసే పని కాదు. ప్రతి ఉదాహరణనీ కంపైల్ చేసి చూడమన్నవాళ్లకు చాలా థాంక్స్, నాలుగు తప్పులు అలాగే దొరికాయి. సీ2ఎక్స్ అనే పాత పేరుని మాత్రం పూర్తిగా తీసేయలేదు, పాత బిల్డ్ ఫైల్లో దాన్ని చూసి వెతుక్కుంటూ వచ్చేవాళ్లుంటారు.