1655లో పోలండ్‌ని నిలబెట్టింది మరియమాత పటమా, దాని చుట్టూ అల్లిన కథా?

గోదారిగట్టు:
నిన్న వేరే చర్చలో ఒకరు "పోలండ్ అంటేనే క్యాథలిక్. చర్చి లేకపోతే ఆ దేశం ఎప్పుడో మాసిపోయేది" అని తేల్చేశారు. రుజువుగా యస్నా గూరా ముట్టడి చూపించారు. తెలియనివాళ్ల కోసం: చెన్‌స్తొహోవాలో గుట్ట మీద 1382లో పెట్టిన పౌలైన్ సన్యాసుల మఠం అది. అందులో బుగ్గ మీద కత్తిగాట్లున్న నల్ల మరియమాత పటం ఉంటుంది. 1655లో ప్రొటెస్టెంటు స్వీడన్ సైన్యం వచ్చి పడితే పోలండ్ రాజు యాన్ కజిమీర్ పక్కనున్న సైలీసియాకి పారిపోయాడు. నవంబరు 18 నుంచి క్రిస్మస్ దాటేదాకా మఠం మాత్రం లొంగలేదట, ఆ కబురు విని దేశమంతా లేచిందట. నాకు ఈ కథ అంతగా మింగుడుపడదు. మీరేమంటారు?

కొండగుడి:
గోదారిగట్టు గారూ, ఆ ఏడాది ఎలాంటిదో ముందు చూడండి. జులైలో మొదలైన దండయాత్రకి సెప్టెంబరులో వార్సా పోయింది, అక్టోబరులో క్రాకూవ్ పోయింది. అలాంటప్పుడు సన్యాసులతో కలిపి మూడొందల మందికి అటూ ఇటూ ఉన్న మఠం, పోనుపోను మూడు వేలు దాటిన సైన్యాన్ని నలభై రోజులు ఆపింది. క్రాకూవ్ నుంచి గోడలు పగలగొట్టే ఫిరంగులు తెప్పించుకుని కూడా స్వీడన్ జనరల్ ముల్లర్ డిసెంబరు ఆఖర్లో డేరాలు ఎత్తేశాడు. రెండు మూడు రోజుల్లోనే, 29న, తిషొవ్‌త్సెలో పోలిష్ సేనానులు స్వీడన్‌కి ఎదురు తిరిగారు. అంతా కాకతాళీయమేనా? ఏటా ఫిబ్రవరిలో గుణదల మాత కొండకి వెళ్లే మనిషిని నేను. విశ్వాసం జనాన్ని ఎలా కదిలిస్తుందో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు.

గోదారిగట్టు:
అమ్మా, జనం కదలరని నేననలేదు. ముట్టడి జరుగుతున్నప్పుడు అసలు ఆ పటం మఠంలో లేనే లేదు, ముందే సైలీసియాకి తరలించేశారు. మఠాధిపతి కోర్దెత్స్కి నవంబరులో ముల్లర్‌కి రాసిన ఉత్తరంలో స్వీడన్ రాజునే తమ ఏలికగా ఒప్పుకున్నాడు. తర్వాత ముట్టడి కథ తనే రాసి, ఆ ఉత్తరం ఊసెత్తలేదు. అది స్వీడన్ దస్తావేజుల్లోంచి బయటపడింది. ఇంకోటి, అందరికంటే ముందు చేతులెత్తేసిందెవరు? జులై 25న ఉయ్‌శ్చెలో శత్రువుకి లొంగిపోయిన ఒపాలిన్‌స్కి క్యాథలిక్ ప్రభువే కదా. మనకి తెలిసిన వీరగాథలో సగం 19వ శతాబ్దపు నవలల పుణ్యం.

ఓద్రా ఒడ్డు:
అన్నా, నేను పోలండ్‌లోనే, వ్రొత్స్వాఫ్‌లో చదువుకుంటున్నా. ఉత్తరం సంగతి నిజమే కానీ, అది గడువు కోసం ఆడిన ఎత్తు అనేవాళ్లు ఇక్కడ బోలెడుమంది. కాగితం మీద లొంగాడు, తలుపు తీయలేదుగా!

ఆగస్టులో చెన్‌స్తొహోవా వెళ్లా. వార్సా నుంచి 1711లో మొదలైన పాదయాత్ర మరియమాత స్వర్గారోపణ పండక్కి ముందురోజు, 14న, చేరుతుంది. పటానికి వెండి తెర ఉంటుంది. బూరలు మోగుతుంటే అది నెమ్మదిగా పైకి లేస్తుంది, అప్పటిదాకా గుసగుసలాడుకున్న జనం ఒక్కసారిగా మోకాళ్ల మీద పడతారు. పీఠం చుట్టూ మోకాళ్లతోనే తిరిగేవాళ్లూ ఉన్నారు. అది చూశాక "అంతా కట్టుకథ" అనడానికి నాకు నోరు రాలేదు.

నా తగువల్లా ఆ గెలుపుని ఎవరి ఖాతాలో వేశారని. 1656 ఏప్రిల్ 1న ల్వూవ్ కేథడ్రల్‌లో రాజు మరియమాతని పోలండ్ రాణిగా ప్రకటించి ప్రమాణం చేశాడు. ఆ ప్రమాణంలోనే ఇంకో ముక్క ఉంది: పేద రైతుల ఏడుపుకే దేవుడు ఈ శిక్ష వేశాడు, వాళ్లని అన్యాయపు భారాల నుంచి విడిపిస్తాను అని. రాణి మాట భక్తిలో పాతుకుపోయింది, రైతుల మాట గాలికి పోయింది. వెట్టి వెట్టిలాగే సాగింది. 1658లో సెయ్మ్, అంటే వాళ్ల సభ, ఏరియన్లని "మతం మారండి, లేదా దేశం వదలండి" అంది. త్రిత్వాన్ని ఒప్పుకోని చిన్న శాఖ వాళ్లది. స్వీడన్‌తో చేతులు కలిపారని నేరం మోపారు. అదే పని చేసిన క్యాథలిక్ ప్రభువులు గుంపుగా రాజు పక్కకి తిరిగొచ్చి హాయిగా ఉన్నారు! మతభేదాల పేరుతో రక్తం చిందించబోమని 1573లో వార్సాలో రాసుకున్న దేశం ఇది. "పోలండ్ అంటే క్యాథలిక్" అనే మాట బిగుసుకున్నది ఇక్కడే అని నా వాదన. 966లో పోలండ్ పాలకుడు మియెష్కో జ్ఞానస్నానం నాటినుంచీ ఉందనడం తప్పు.

కొండగుడి:
బాబూ, ఏరియన్ల విషయంలో జరిగింది అన్యాయమే, కాదనను. కానీ ఆ పటం కథ 1658తో ఆగలేదు. 1957 నుంచి దాని నకలుని ఊరూరా తిప్పేవాళ్లు. 1966, జ్ఞానస్నానానికి వెయ్యేళ్లు నిండిన ఏడాది, కమ్యూనిస్టు పోలీసులు దాన్ని ఆపి యస్నా గూరాకి తోలేశారు, అక్కడినుంచి కదపొద్దన్నారు. అప్పుడు గురువులు ఏం చేశారు? ఖాళీ చట్రాన్నీ, వెలిగించిన కొవ్వొత్తినీ తిప్పారు. ఊళ్లకి ఊళ్లు ఆ ఖాళీ చట్రానికే ఎదురెళ్లి దండం పెట్టాయి. 1972లో ఒక గురువు నకలుని రహస్యంగా బయటికి తెచ్చేదాకా ఇదే వరస. కట్టుకథకి ఆరేళ్లు అలా దండం పెడతారా ఎవరైనా?

గోదారిగట్టు:
పెడతారమ్మా, ఎదురుగా పోలీసు నిలబడితే! ఆ చట్రానికి అంత బలం ఇచ్చింది ప్రభుత్వమే. పైగా చర్చి ఎప్పుడూ జనం పక్షాన లేదు. రష్యా చక్రవర్తి జార్ మీద పోలండ్ జనం 1830లో మొదలుపెట్టిన తిరుగుబాటుని 1832లో పోపు గ్రెగరీ 16 ఖండించి, జార్‌కి విధేయంగా ఉండమన్నాడు. ఇప్పుడు తరిమే జార్ లేడు, కమ్యూనిస్టూ లేడు. జనాభా లెక్కల్లో 2011లో 87 శాతం దాటిన క్యాథలిక్కులు 2021కి 71 అయ్యారు.

ఓద్రా ఒడ్డు:
అన్నా, ఆ లెక్క జాగ్రత్తగా వాడాలి. 2021లో మతం ప్రశ్నకి జవాబివ్వం అన్నవాళ్లే 20 శాతం పైన ఉన్నారు. వాళ్లందరూ చర్చి వదిలేసినట్టు కాదు. నా గది యజమానురాలు అందులో ఒకరు. "అది ప్రభుత్వానికెందుకు?" అంటుంది, ఆదివారం పూజకి మాత్రం తప్పకుండా వెళ్తుంది.