జాన్ ఎవెలిన్ డైరీ తేదీల చిక్కు, కాస్త సాయం చేయండి

అందరికీ నమస్కారం. ఇంగ్లండు రాజభక్తుడు జాన్ ఎవెలిన్ (1620–1706) గురించి తెలుగులో వ్యాసం రాస్తున్నాను. అంతర్యుద్ధం నడుస్తుండగా 1643లో దేశం వదిలి ఫ్రాన్స్, ఇటలీ తిరిగాడు. మనిషి రక్తనాళాలు, నరాలు విడదీసి ఎండబెట్టి అతికించిన చెక్కపలకలను ఇటలీలోని పాదువా నగరంలో కొన్నాడు. అవి ఇప్పటికీ లండన్‌లో ఉన్నాయి. చూస్తే ఆకు రాలిన చెట్టు కొమ్మల్లా కనిపిస్తాయి.

చిక్కంతా తేదీలతోనే. అప్పట్లో ఇంగ్లండులో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. అందుకే మొదటి చార్లెస్ రాజు తల నరికిన జనవరి 30 వాళ్ల లెక్కలో 1648, మన లెక్కలో 1649. ఎవెలిన్ ఆ ఘోరం చూడటానికి వెళ్లలేదు, ఆ రోజు ఉపవాసం ఉన్నాడు. పైగా ఇటలీ క్యాలెండరు ఇంగ్లండు కంటే 10 రోజులు ముందుండేది. మరి అక్కడ తిరిగినప్పటి తేదీలు ఏ లెక్కలో రాసుకున్నాడు? తెలుగు పాఠకులకు రెండు తేదీలూ ఇవ్వాలా, ఒకటి చాలా?

చరిత్ర చదివినవాళ్లు, ఆ డైరీ పూర్తి ప్రతి చూసినవాళ్లు దయచేసి చెప్పండి. ముఖ్యంగా ఆ ఉపవాసం రోజు తేదీ తప్పు పడితే నాకు మనసొప్పదు.