జనవరిలో ఆర్లాండో: డిస్నీ పార్కు వాళ్ల హోటల్లోనే దిగాలా, బయట ఇల్లు తీసుకోవాలా?

మంచుదారి (మినియాపొలిస్)

నమస్తే అండీ. మా అత్తగారు అక్టోబర్‌లో వచ్చారు, మార్చి చివర్లో తిరుగు ప్రయాణం. నవంబర్ మూడో వారం నుంచి ఆవిడ గడప దాటిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఎనిమిది దగ్గరపడితే గానీ తెల్లారదు, సాయంత్రం నాలుగున్నరకే ఇంట్లో దీపాలు వెయ్యాలి. కిటికీ పక్కన కుర్చీ వేసుకుని, హీటర్ గాలి వచ్చే జాలీ మీద పాదాలు పెట్టుకుని, ఎదురింటాయన మంచు తోస్తుంటే చూస్తూ కూర్చుంటారు. మొన్న "ఇవాళ రోడ్డు మీదకి ఒక్క మనిషీ రాలేదమ్మా" అన్నారు. ఆ మాట నాకు గుచ్చుకుంది.

అందుకే జనవరి నెలాఖర్లో నాలుగు రాత్రులు ఆర్లాండో అనుకున్నాం. మేమిద్దరం, నాలుగేళ్ల పాప, అత్తగారు. ఆవిడకి 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు, ఎక్కువ దూరం నడవలేరు. మావారు డావెన్‌పోర్ట్ వైపు (ఆర్లాండోకి దగ్గరే) మూడు పడగ్గదుల ఇల్లు, వెనకాల సొంత స్విమ్మింగ్ పూల్ ఉన్నది చూశారు. నేనేమో డిస్నీ వాళ్ల హోటల్లోనే దిగుదామంటున్నాను. వారం రోజులుగా ఇదే వాదన. అక్కడ ఉండి వచ్చినవాళ్లు చెప్పండి.

లెక్కలపుస్తకం (న్యూజెర్సీ)

మీవారి మాటే కరెక్టండీ. డిస్నీలో అందరికంటే తక్కువ ధర హోటళ్లు ఆల్‌స్టార్, పాప్ సెంచరీ. వాటిలో మామూలు గది 260 చదరపు అడుగులు. అందులో నలుగురు, ఒక్కటే బాత్రూమ్. అత్తగారు తెల్లవారుజామున లేస్తే పాప లేస్తుంది, పాప లేస్తే ఇల్లంతా లేస్తుంది. పైగా గదిలో వంటకి వీలుండదు, చిన్న ఫ్రిజ్ ఒకటి ఉంటుంది అంతే. శాకాహారం తినే పెద్దావిడకి నాలుగు రోజులు ఏం పెడతారు?

ఆరెంజ్ కౌంటీలో గది అద్దె మీద పన్నే 12.5 శాతం. డిస్నీ సొంత హోటళ్లు విడిగా రిసార్ట్ ఫీజు (అద్దె కాక తప్పనిసరిగా వేసే రుసుము) వసూలు చెయ్యవు, ఆ మాట నిజమే. కానీ అద్దె దగ్గరే అంతకంటే ఎక్కువ లాగేస్తారు. బయట హోటళ్ల గురించి ఒక మంచి విషయం కూడా చెప్పాలి. 2025 మే నుంచి ఫెడరల్ నిబంధన వచ్చింది, తప్పనిసరి ఫీజులన్నీ కలిపిన మొత్తాన్నే మొదట చూపించాలి. కాబట్టి ఇప్పుడు పోల్చి చూసుకోవడం తేలికైంది. ఇల్లు తీసుకుంటే వంటగది, వాషింగ్ మెషీన్, మూడు గదులు, అన్నీ అదే డబ్బుకి.

నారింజతోట (ఆర్లాండో)

నేను ఇక్కడే 14 ఏళ్లుగా ఉంటున్నాను. జనవరిలో వచ్చే చుట్టాలందరికీ ముందే చెప్పే మాట ఒకటుంది: ఫ్లోరిడా అంటే ఎప్పుడూ ఎండే అనుకోకండి. జనవరిలో సగటున పగలు 22 డిగ్రీలు, రాత్రి 10 డిగ్రీల సెల్సియస్. మినియాపొలిస్ వాళ్లకి అది స్వర్గమే. కానీ ఉత్తరం నుంచి చలిగాలి దిగిందంటే రెండు మూడు రోజులు పరిస్థితి మారిపోతుంది. మీరు చూసిన డావెన్‌పోర్ట్, దానికి ఉత్తరాన ఉన్న క్లెర్మాంట్, ఇదంతా ఒకప్పుడు నారింజ తోటలే. 1983 డిసెంబర్, 1985 జనవరి, 1989 డిసెంబర్, ఈ మూడు చలిదెబ్బలకి చెట్లు చచ్చిపోయాయి. తర్వాత చాలామంది మళ్లీ నాటలేదు, ఆ నేలల్లో కాలనీలు లేచాయి. క్లెర్మాంట్‌లో తోటలు చూడ్డానికే 1956లో సిట్రస్ టవర్ కట్టారు. ఇప్పుడెక్కితే కనబడేవి ఇళ్ల కప్పులే.

ఇక ఆ సొంత పూల్ సంగతి. మా తమ్ముడి కుటుంబం మూడేళ్ల కిందట జనవరిలో అలాంటి ఇల్లే తీసుకుంది. నీళ్లు వేడి చెయ్యడానికి రోజుకింత అని విడిగా కట్టాలి, కట్టారు. ఆ ఇళ్లలో చాలావాటికి హీట్ పంప్ ఉంటుంది. అది బయటి గాలిలోని వేడినే లాగి నీళ్లలోకి పంపుతుంది. బయట 10 డిగ్రీల కిందకి పడిపోతే లాగడానికి అక్కడ వేడి ఏముంటుంది? రాత్రంతా ఆ పంపు ఇంటి వెనక గుర్రుగుర్రుమంటూనే ఉంది, పొద్దున నీళ్లు మాత్రం చల్లగానే ఉన్నాయి. పిల్లాడు ఆగలేక దూకేశాడు. రెండు నిమిషాల్లో పెదాలు నీలంగా, పళ్లు టకటకా కొట్టుకుంటూ బయటికొచ్చాడు. ఇంటివాళ్లకి ఫోన్ చేస్తే "మెషీన్ పనిచేస్తూనే ఉంది కదా" అన్నారు, డబ్బు వాపసు రాలేదు. ఇల్లు తీసుకునేటట్టయితే గ్యాస్ హీటరా, హీట్ పంపా అని తప్పకుండా అడగండి.

లెక్కలపుస్తకం (న్యూజెర్సీ)

పంపు సంగతి నాకు తెలియదు, ఒప్పుకుంటున్నాను. అయినా చలిగాలి దిగిన రోజున హోటల్ పూల్‌లో మాత్రం ఎవరు దిగుతారు? నీళ్లు వెచ్చగానే ఉన్నా బయటికొచ్చి తువ్వాలు చుట్టుకునేసరికి వణుకే. ఆ రోజు ఎక్కడున్నా గదిలోనే కూర్చోవాలి. అలాంటప్పుడు పెద్ద ఇంట్లో కూర్చోవడం మేలు కదా!

రెండోషిఫ్ట్ (మాడిసన్)

విమానం ఎందుకండీ అసలు? మీ ఇంటినుంచి కారులో మూడున్నర గంటలు వస్తే విస్కాన్సిన్ డెల్స్. భవనాల లోపల కట్టిన వాటర్ పార్కులున్న రిసార్టులు అక్కడ వరసగా ఉన్నాయి. గ్రేట్ వుల్ఫ్ లాడ్జ్ అనే వాటర్ పార్కు హోటళ్ల సంస్థ పుట్టింది కూడా అక్కడే. లోపల ఏడాది పొడుగునా 84 ఫారన్‌హీట్, అంటే మన 29 డిగ్రీలు. గది తీసుకుంటే పార్కు టికెట్ అందులోనే. చలిగాలి వచ్చినా, మంచు తుఫాను వచ్చినా లెక్కలేదు. మేము మా అమ్మానాన్నల్ని రెండుసార్లు తీసుకెళ్లాం. ఎయిర్‌పోర్టులో వీల్‌చెయిర్ కోసం ఎదురుచూపులు లేవు. ఆదా అయిన డబ్బుతో ఇంకోసారి వెళ్లాం.

చికాగోగాలి

రెండోషిఫ్ట్ గారూ, మీ మాట తోసిపుచ్చట్లేదు. పిల్లలకి డెల్స్ బ్రహ్మాండం. కానీ మంచుదారి గారు రాసింది మళ్లీ చదవండి. ఆవిడకి కరువైంది వెచ్చదనం కాదు. వెచ్చదనం ఇంట్లో హీటర్ దగ్గర ఉండనే ఉంది. కరువైంది వెలుతురు, మనుషులు.

ఇది నాకు అనుభవం కాబట్టి చెబుతున్నాను. ఇక్కడికొచ్చిన మూడో చలికాలంలో పొద్దున మంచం దిగబుద్ధి కాక, ఎందుకో తెలియని ఏడుపుతో డాక్టర్ దగ్గరికి వెళ్లాను. దానికి వైద్యంలో పేరే ఉంది, సీజనల్ అఫెక్టివ్ డిజార్డర్ అని. 1984లో నార్మన్ రోజెంతాల్, ఆయన తోటి పరిశోధకులు మొదటిసారి దాన్ని వివరించారు. పగలు కురచయ్యే కాలంలో వచ్చే దిగులది. నాకు 10,000 లక్స్ (వెలుతురు కొలత) దీపం ముందు రోజూ పొద్దున అరగంట కూర్చోమన్నారు. కూర్చున్నాను, గుణం కనబడింది. మీ అత్తగారికి అదే ఉందని నేను అనలేను. ఆ కుర్చీ, ఆ కిటికీ మాత్రం నాకు బాగా తెలుసు.

లెక్క కావాలంటే ఇదిగో. డిసెంబర్ చివర్లో మీ ఊళ్లో పగలు ఇంచుమించు 8 గంటల 45 నిమిషాలు, ఆర్లాండోలో 10 గంటల 20 నిమిషాలు. రోజుకి గంటన్నర ఎక్కువ. పైగా అక్కడ ఆ వెలుతురులో బయట కూర్చోవచ్చు. వాటర్ పార్కు ఎంత వెచ్చగా ఉన్నా కప్పు కిందే కదా, నాలుగున్నరకి అక్కడా చీకటి పడుతుంది. ఆవిణ్ణి ఎండలో కూర్చోబెట్టండి. హోటలా ఇల్లా అనేది మాత్రం నాకు తెలియదు.

డల్లాస్‌వదిన

ఇక్కడ నేను చెప్పాల్సింది ఉంది. రెండేళ్ల కిందట ఫిబ్రవరిలో మా అమ్మని తీసుకెళ్లాను, ఆవిడకి 71. మొదట మేమూ ఇల్లే అనుకున్నాం. ఒక్క ప్రశ్న వేసుకునేసరికి మనసు మార్చుకున్నాం: మేము పార్కుకి వెళ్లినప్పుడు అమ్మ ఏం చేస్తుంది?

ఇల్లు తీసుకుంటే కాలనీలో ఆవిడ ఒంటరి. కారు లేనిదే వీధి చివరికి కూడా వెళ్లలేదు. అంటే మీ ఊళ్లో ఉన్న కిటికీయే, బయట మంచు ఉండదు అంతే. లేదంటే మనతోపాటు పార్కుకి రావాలి. పొద్దున తొమ్మిదికి పోయి రాత్రి దాకా. మ్యాజిక్ కింగ్‌డమ్‌కి కారులో వెళ్తే ఎక్కడో ఆపి, అక్కణ్ణుంచి మోనోరైలో పడవో ఎక్కితే గానీ గేటు రాదు. ఒకసారి లోపలికి వెళ్లాక మధ్యాహ్నం వెనక్కి వచ్చే ఓపిక ఎవరికీ ఉండదు. పాప సొమ్మసిల్లిపోతుంది, పెద్దావిడ మోకాళ్లు పట్టుకుని బెంచీ మీద కూలబడుతుంది.

మేము యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్‌లో దిగాం. 2001లో కట్టిన హోటల్. గదుల వెనక గడ్డిమైదానం, అందులో జిరాఫీలు, జీబ్రాలు, పెద్ద కొమ్ముల పశువులు. మొదటిరోజు పొద్దున ఆరున్నరకి లేచి చూస్తే అమ్మ మంచం మీద లేదు. గుండె ఆగినంత పనైంది. బాల్కనీలో ఉంది, దుప్పటి కప్పుకుని, గ్లాసులో వేణ్ణీళ్లు పట్టుకుని. జిరాఫీ ఒకటి మా గది కిందనే చెట్టు దగ్గర నిలబడి ఉంది. "ఉష్, మాట్లాడకు, అది తింటోంది" అంది నాతో. నాలుగు రోజులూ ఆవిడకి పార్కు టికెట్ కొనలేదు. ఒక్క రోజు కూడా అడగలేదు.

మేము పిల్లాడితో పొద్దున్నే పోయేవాళ్లం. హోటల్లో దిగినవాళ్లని రోజూ అరగంట ముందే లోపలికి వదులుతారు. జనం వచ్చేలోపు రెండు రైడ్లు అయిపోయేవి. పన్నెండుకి బస్సెక్కి గదికి వచ్చి, పిల్లాణ్ణి పడుకోబెట్టి, మళ్లీ నాలుగింటికి అందరం కలిసి కిందకి దిగేవాళ్లం. ఎండాకాలంలో హోటల్ అంటే రాత్రి నడుం వాల్చే చోటు. చలికాలంలో ఐదున్నర దాటితే పొద్దు గుంకుతుంది, పార్కులు చాలావరకు త్వరగా మూసేస్తారు, సగం సమయం హోటల్లోనే గడుస్తుంది. అందుకే ఈ కాలంలోనే దాని మీద డబ్బు పెట్టాలంటాను.

తిండి గురించి: పక్క భవనం కిడానీ విలేజ్‌లో సనా అని రెస్టారెంట్ ఉంది. ఆఫ్రికా వంటలకి మన దినుసులు కలిపి చేస్తారు. నాన్‌లాంటి రొట్టెలు, వాటితో తొమ్మిది రకాల పచ్చళ్లు, చట్నీలు తెచ్చి పెడతారు. అమ్మ రెండుసార్లు అక్కడే తింది. వంట కావాలంటే కిడానీలో ఒక పడగ్గది విల్లాలకి పూర్తి వంటగది ఉంటుంది. వాటి ధర చూసి బెదిరిపోకండి. డిస్నీ టైమ్‌షేర్ సభ్యుల (ఏటా కొన్ని రోజులు అక్కడ ఉండే హక్కు ముందే కొనుక్కున్నవాళ్ల) దగ్గర పాయింట్లు, అంటే ఆ హక్కులో కొంత, అద్దెకి తీసుకుంటే బాగా తగ్గుతుంది. కాకపోతే సాధారణంగా రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కి రాదు. పెద్దవాళ్ల ఆరోగ్యం చూసుకుని నిర్ణయించుకోండి.

లోటు కూడా చెబుతాను. ఆ హోటల్ ఓ మూలకి ఉంటుంది. బస్సే దిక్కు, మోనోరైల్ ఉండదు. గది నుంచి లాబీకి నడక ఎక్కువ, అమ్మకి వీల్‌చెయిర్ తీసుకున్నాం. ఒకరోజు చలి ఎక్కువై జంతువులు ఒకటి రెండు తప్ప బయటికి రాలేదు.

లెక్కలపుస్తకం (న్యూజెర్సీ)

వదినగారూ, ఆవిడకి టికెట్ కొనక్కర్లేదన్న మాట నా లెక్కలో లేదు. నాలుగు రోజుల టికెట్ ఒకటి తగ్గితే చాలా తేడా వస్తుంది. అయినా మైదానం కనబడే గదికి, మామూలు గదికి ఉన్న తేడా దాన్ని మింగేస్తుందేమో చూసుకోవాలి. మైదానం కనబడని గది తీసుకుని, జంతువుల్ని చూడ్డానికి అందరికీ ఉండే చోట్ల దగ్గర కూర్చోవచ్చు కదా?

డల్లాస్‌వదిన

కూర్చోవచ్చండీ, అక్కడ దిగినవాళ్లే కాదు, బయటివాళ్లు కూడా వచ్చి చూస్తారు. కానీ పొద్దున ఆరున్నరకి మోకాళ్ల నొప్పులావిడ ఒక్కతే అంత దూరం నడిచి రాదు. బాల్కనీకి డబ్బిస్తున్నది అందుకే.

నారింజతోట (ఆర్లాండో)

ఇక్కడున్న ఇంకో పార్కుల సంస్థ యూనివర్సల్ గురించి ఎవరూ అనలేదు కాబట్టి ఒక ముక్క. అక్కడ హార్డ్ రాక్, పోర్టోఫినో బే, రాయల్ పసిఫిక్, ఈ మూడింట్లో దిగితే పాత రెండు పార్కుల్లో వరుస తగ్గించే ఎక్స్‌ప్రెస్ పాస్ గదిలో అందరికీ ఉచితం. 2025 మేలో తెరిచిన ఎపిక్ యూనివర్స్‌లో అది చెల్లదు. పెద్ద పిల్లలుంటే ఆ లెక్క వేరు. నాలుగేళ్ల పాపకీ, పెద్దావిడకీ మాత్రం డిస్నీయే నయం. ఇంకో సంగతి, జనవరి మూడో సోమవారం సెలవు కలిసొచ్చే వారాంతం తప్పించండి, జనం విరగబడతారు. ఆ తర్వాతి వారం హాయిగా ఉంటుంది.

మంచుదారి (మినియాపొలిస్)

అందరికీ చాలా థాంక్స్ అండీ. నిన్న రాత్రి ఈ పోస్టులన్నీ మావారికి చదివి వినిపించాను. హీట్ పంప్ దగ్గర ఆయన మౌనం, వదినగారి అమ్మగారి దగ్గర నేను మౌనం. పాయింట్లు అద్దెకి దొరుకుతాయేమో చూస్తున్నాం. దొరక్కపోతే రెండు రాత్రులు లాడ్జ్‌లో, రెండు రాత్రులు బయట మామూలు హోటల్లో.

అత్తగారికి చెబితే మొదట "నా కోసం అంత డబ్బెందుకమ్మా" అన్నారు. కాసేపయ్యాక ఆవిడే వంటింట్లోకి వచ్చి, "ఆ బాల్కనీలో కుర్చీ ఉంటుందా, కాళ్లు చాపుకోవడానికి?" అని అడిగారు. వదినగారూ, ఉంటుందా?

డల్లాస్‌వదిన

రెండు కుర్చీలు, చిన్న బల్ల ఉంటాయి. ఒకదాంట్లో కూర్చుని రెండోదాని మీద కాళ్లు పెట్టుకోవచ్చు, మా అమ్మ అలాగే కూర్చునేది. శాలువా ఇంటినుంచే పట్టుకెళ్లండి.