హైలెస్సా: లాగుడు ఏ అక్షరం మీద?

ఏటిగట్టు: చిన్నప్పుడు విన్న అలివి వల (ఒడ్డు నుంచి లాగే పెద్ద వల) పాటలో చరణాలన్నీ పోయాయి, ‘హైలెస్సా’ ఒక్కటే మిగిలింది. అది హైలెస్సానా, హైలేసానా? ద్విత్వమైతే బరువు ‘లె’ మీద పడుతుంది. ‘లెస్స’తో చుట్టరికం ఉందంటారా?

నిఘంటుప్రియ: ఉందనే నా నమ్మకం. ‘లెస్సగా లాగండి’ అన్న హెచ్చరిక అది. ద్విత్వం అందుకే నిలిచింది.

తీరవాసి: కుదరదండీ. తమిళ పడవవాళ్లు ‘ఏలేలో ఐలసా’ అంటారు. అక్కడ లెస్స ఎక్కడిది?

తెరచాప: నిఘంటువు పక్కన పెట్టి మోకు పట్టుకోండి. 19వ శతాబ్దపు బ్రిటిష్, అమెరికన్ సరుకు ఓడల్లో ‘షాంటీ’, అంటే నావికుల పనిపాట, ఒక పనిముట్టు. తెరచాప ఎత్తేటప్పుడు పాటగాడు ఒక చరణం పాడతాడు. ఆలోగా మిగతావాళ్లు ఊపిరి తీసుకుని పట్టు సవరించుకుంటారు. వంతపాటలో బరువైన అక్షరం రాగానే అందరూ ఒక్కసారిగా లాగుతారు, సాధారణంగా పంక్తికి రెండుసార్లు. చిన్న లాగుడు పాటల్లోనైతే చివరి మాట మీద ఒక్కసారే. మన ‘సా’ సరిగ్గా అలాంటిది. అర్థం లేకపోవడమే దాని బలం.

నిఘంటుప్రియ: తెరచాప గారూ, లంగరు ఎత్తే పాటలను వదిలేశారు. అక్కడ లంగరు మోకు చుట్టుకునే దిమ్మను తిప్పుతూ దాని చుట్టూ నడవడమే తప్ప కుదుపు లేదు, అందుకే కథలు సాగేవి. కెప్టెన్ పిసినారితనం, పురుగుపట్టిన తిండి, అన్నీ ఆ చరణాల్లోకి వచ్చేవి. మామూలుగా అంటే శిక్ష పడే మాట పాటలో చెల్లేది. అర్థం అక్కర్లేదని ఎలా అంటారు?

తెరచాప: ఆ అర్థం పాటగాడి చరణానిది, వంతపాటది కాదు. 1929లో కేప్ వెర్డీ దీవుల దగ్గర పగిలిన గార్త్‌పూల్ ఓడలో పాడిన స్టాన్ హ్యూగిల్ ఈ పాటలను పని వారీగానే విడదీశాడు. బ్రిటిష్ నౌకాదళంలో పని చేస్తూ పాడనిచ్చేవారు కాదు. తక్కువమందితో నడిచే సరుకు ఓడకే ఆ పాట ప్రాణావసరం. వీటిలో చాలా బాణీలకు అమెరికాలోని మొబైల్, న్యూ ఆర్లియన్స్ రేవుల్లో ఓడల్లోకి పత్తి బేళ్లు బిగించిన నల్లజాతి కూలీల పాటలతో సంబంధం ఉంది. అరువు వచ్చిన వంతపదాలకు వ్యుత్పత్తి వెతికితే ఏం దొరుకుతుంది?

కోరంగి: అరువు అంటే శ్రీనాథుడే గుర్తొస్తాడు! హరవిలాసంలో వర్తకుడు అవచి తిప్పయ సెట్టి తెప్పించిన సరుకులు చెబుతూ ‘కప్పలి’, ‘జోంగు’, ‘వల్లి’ అని ఓడల పేర్లను వృత్తంలో ఎంత అలవోకగా ఇమిడ్చాడు! రేవుల పేర్లు కూడా పద్యంలో తాళం తప్పవు. మోకు లాగిన కళాసీల కేక ఒక్కటి పెట్టి ఉంటే మనకీ తగవు ఉండేది కాదు.

తీరవాసి: కప్పలి తమిళ ‘కప్పల్’ కదా. అంటే రేవు మాటలు అటునుంచి ఇటు వచ్చాయి. ఐలసా కూడా అలాగే వచ్చింది.

నిఘంటుప్రియ: జోంగు మలయ్ మాట, దాన్ని తమిళానికి ఇవ్వలేరు. అయినా ‘వల్లి’ సంగతి తేల్చండి ముందు. ఆ పద్యంలో అది ఓడ పేరా, తీగా?

కోరంగి: ఓడే. పక్కన జోంగు ఉండగా తీగకు చోటెక్కడిది?