కొత్త బ్లెండర్ (3డీ సాఫ్ట్‌వేర్) వేశాక రెండర్ (3డీ సీన్‌ని బొమ్మగా తీయడం) ఇంకా నెమ్మదించింది, ఎవరైనా చూడండి ప్లీజ్

వాక్‌త్రూ వాసు: సాయంత్రం నుంచి దీంతోనే కుస్తీ, తల ప్రాణం తోకకొచ్చింది. కొత్త వెర్షన్‌లో సైకిల్స్ (బ్లెండర్ రెండర్ ఇంజిన్) చాలా ఫాస్ట్ అని అందరూ అంటుంటే విని మార్చాను. అదే ఫైలు, అదే లాప్‌టాప్. ఇంతకుముందు ఫ్రేముకు రెండు నిమిషాలు పట్టేది, ఇప్పుడు ఆరు దాటుతోంది. పైగా గోడల నిండా చుక్కలు. శాంపిల్స్ (ఒక్కో పిక్సెల్‌కి వేసే కిరణాల లెక్క) పెంచితే టైమ్ పెరుగుతోంది, తగ్గిస్తే చుక్కలు పెరుగుతున్నాయి. త్రీ బీహెచ్‌కే ఇంటీరియర్, సోమవారం క్లయింట్‌కి వీడియో ఇవ్వాలి. స్పీడ్ కావాలి, క్వాలిటీ పోకూడదు. కరెక్ట్ సెట్టింగ్స్ చెప్పండి.

పాత మౌస్: ఏ వెర్షన్ నుంచి ఏ వెర్షన్‌కి? గ్రాఫిక్స్ కార్డు ఏది?

గోదారి గట్టు: తమ్ముడూ, పని మధ్యలో ఉండగా సాఫ్ట్‌వేర్ మార్చడమంటే కొరివితో తల గోక్కోవడమే. బ్లెండర్‌ని జిప్ రూపంలో దించుకుంటే పాతదీ కొత్తదీ పక్కపక్కనే ఉంచుకోవచ్చు. చేతిలో ఉన్న పని పాతదాంట్లో ముగించి, తర్వాతి ప్రాజెక్టు కొత్తదాంట్లో మొదలుపెట్టాలి. ఇంకో మాట. నేరుగా ఎంపీ4గా మాత్రం తీయకు. 30 సెకన్ల వీడియో అంటే 24 చొప్పున 720 ఫ్రేములు. ఒక్కోటి ఆరు నిమిషాలైతే 72 గంటలు. అందులో ఒక్కసారి కరెంటు పోయిందా, ఆ ఎంపీ4 తెరుచుకోకపోవచ్చు. పీఎన్‌జీలుగా తీస్తే ఆగిన ఫ్రేము నుంచి మళ్ళీ మొదలుపెట్టుకోవచ్చు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ వినరు.

వాక్‌త్రూ వాసు: పీఎన్‌జీలే తీస్తున్నానండీ. నేనడిగింది స్పీడ్ గురించి.

2.93 నుంచి 4.2. కార్డు ఆర్‌టీఎక్స్ 3050, 4 జీబీ. డివైస్ దగ్గర జీపీయూ కంప్యూట్ (గ్రాఫిక్స్ కార్డుతో రెండర్) అనే ఉంది, అది ముందే చూశాను.

నీలి పెన్సిల్: స్పీడ్ సంగతి తర్వాత, ముందు కలర్ చూసుకోండి. 4.0 నుంచి కొత్త ఫైళ్ళకి వ్యూ ట్రాన్స్‌ఫామ్ (రంగుల్ని తెరకి తగ్గట్టు మార్చే పద్ధతి) ఏజీఎక్స్ అయింది. పాత ఫైలు తెరిస్తే ఫిల్మిక్ (అంతకుముందు పద్ధతి) అలాగే ఉంటుంది. కానీ కొత్త ఫైలు తీసి అందులోకి పాత సీన్‌లోని వస్తువులు అపెండ్ చేసి తెచ్చుకున్నారనుకోండి, వెలుతురు పడిన ఎర్ర సోఫా పాలిపోయి కనిపిస్తుంది. క్లయింట్ ఎంచుకున్న పెయింట్ షేడ్ ఇది కాదని పేచీ పెడతాడు. కలర్ మేనేజ్‌మెంట్ ఎవరూ పట్టించుకోరు, ఇంటీరియర్ వాళ్ళు అసలే పట్టించుకోరు.

రాత్రి డ్యూటీ: చుక్కలు అంటే ఏ చుక్కలు? అక్కడక్కడా తెల్లగా మెరిసేవా, గోడంతా ఇసుక చల్లినట్టు ఉండేవా?

నీలి పెన్సిల్: రెండూ నాయిసే కదా.

రాత్రి డ్యూటీ: రెండిటి మందూ ఒకటి కాదు. మెరిసేవి ఫైర్‌ఫ్లైలు. వాటికోసం శాంపిల్స్ పెంచుకుంటూ పోతే తెల్లారిపోతుంది. లైట్ పాత్స్‌లో క్లాంపింగ్ (మరీ ఎక్కువ వెలుగుకి పెట్టే హద్దు), ఇండైరెక్ట్ 10 ఉంటుంది, దాన్ని తగ్గించి చూడాలి. ఇసుకలాంటిదైతే శాంపిల్స్, డీనాయిస్ (చుక్కలు తుడిచే ఆప్షన్) పని.

గోదారి గట్టు: క్లాంప్ మరీ తగ్గిస్తే గదిలో వెలుతురే చచ్చిపోతుంది. ఇంటీరియర్‌కి అది పనికిరాదు. కిటికీల దగ్గర ఏరియా లైట్లు పెట్టి పోర్టల్ (బయటి వెలుతురు ఎటునుంచి వస్తుందో చెప్పేది) టిక్ చేయడమే పద్ధతి.

రాత్రి డ్యూటీ: మరీ తగ్గించమని నేనెక్కడ అన్నాను?

పాత మౌస్: వాసు గారూ, ఆ జీపీయూ కంప్యూట్ అన్న పెట్టె బూడిద రంగులో ఉందా? ఎడిట్, ప్రిఫరెన్సెస్, సిస్టమ్. అక్కడ పైన సైకిల్స్ రెండర్ డివైసెస్‌లో ఏముంది?

కీబోర్డు కిట్టు: బ్రో, టాస్క్ మేనేజర్ తెరువు. జీపీయూ రెండు మూడు శాతమే ఉంటే కార్డు పనిచేయట్లేదని అర్థం.

పాత మౌస్: అలా తేల్చలేం. అది మామూలుగా చూపించేది 3డీ గ్రాఫ్. కుడా (CUDA, ఎన్‌విడియా కార్డు లెక్కలు చేసే దారి) గ్రాఫ్ విడిగా ఎంచుకుంటేనే రెండర్ లోడ్ కనిపిస్తుంది. సీపీయూ నూటికి నూరు కొడుతుంటే మాత్రం అనుమానించాలి.

వాక్‌త్రూ వాసు: నన్ (None, ఏదీ లేదు) మీద ఉంది!! ఆ పెట్టె కూడా బూడిద రంగే. ఆప్టిక్స్ (ఎన్‌విడియా కార్డులతో రెండర్ చేసే పద్ధతి) నొక్కి కార్డుకి టిక్ పెట్టాను. మొదట కెర్నల్స్ లోడింగ్ అని కాసేపు ఆగింది, తర్వాత ఫ్రేము 50 సెకన్లలో అయింది. ఫైల్లో జీపీయూ అని ఉన్నా ఇలా ఎందుకవుతుంది?

పాత మౌస్: జీపీయూ వాడమన్నది ఫైల్లో ఉంటుంది. ఏ కార్డు వాడాలన్నది ప్రిఫరెన్సెస్‌లో ఉంటుంది. పాత సెట్టింగులు కొత్త వెర్షన్‌లోకి వాటంతటవే రావు. తెచ్చుకోకపోతే అక్కడ ఖాళీయే, రెండర్ చప్పుడు లేకుండా సీపీయూ మీద నడుస్తుంది.

రాత్రి డ్యూటీ: ఇంకా తగ్గించొచ్చు. నాయిస్ త్రెషోల్డ్ (చుక్కలు ఇంత తగ్గితే చాలు అని ఆపే హద్దు) 3.0 నుంచి కొత్త ఫైళ్ళకి ఆన్‌లోనే వస్తుంది, 2.93లో చేసిన ఫైల్లో ఆఫ్‌లో ఉండుంటుంది. ఆన్ చేసి 0.02 నుంచి 0.05 మధ్య ఆడించి చూడండి. అప్పుడు శాంపిల్స్ అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే. సాదా గోడ త్వరగా తేలిపోతుంది, సోఫా కింద చీకటి మూలకి ఎక్కువ శాంపిల్స్ వెళ్తాయి. వాక్‌త్రూలో కదిలేది కెమెరా ఒక్కటే కదా, పెర్ఫార్మెన్స్‌లో పర్సిస్టెంట్ డేటా టిక్ పెట్టండి. ప్రతి ఫ్రేముకూ సీన్ మొత్తం మళ్ళీ లోడ్ చేసే పని తప్పుతుంది.

గోదారి గట్టు: 4 జీబీ కార్డు మీద పర్సిస్టెంట్ డేటానా? డేటా మెమరీలోనే కూర్చుంటుంది, జాగ్రత్త. ఒక్క 4కే టెక్స్‌చర్ (వస్తువు మీద అతికే బొమ్మ), 4096 ఇంటూ 4096, నాలుగు చానెళ్ళు, 64 ఎంబీ. ఒక టైల్ మెటీరియల్‌కే మూడు నాలుగు మ్యాపులుంటాయి. కార్డు నిండితే మిగతాది ర్యామ్‌లోకి పోతుంది, అక్కడ స్పీడ్ పడిపోతుంది. సింప్లిఫైలో టెక్స్‌చర్ లిమిట్ 2048 పెట్టు తమ్ముడూ. దూరంగా ఉన్న ఫ్లోరింగ్‌కి 4కే ఎవరు చూస్తారు?

వాక్‌త్రూ వాసు: లిమిట్ పెట్టాను, 40లోపు వచ్చింది. డీనాయిస్ ఆన్ చేస్తే స్టిల్ బాగుంది, వీడియోలో మాత్రం గోడ మూలలు మినుకుమంటున్నాయి.

రాత్రి డ్యూటీ: ఓపెన్ ఇమేజ్ డీనాయిస్ ఏ ఫ్రేముకా ఫ్రేము విడిగా శుభ్రం చేస్తుంది, అందుకే ఆ మినుకు. దానికిచ్చే ఫ్రేములోనే చుక్కలు తక్కువుండాలి. త్రెషోల్డ్ కాస్త దించండి.

నీలి పెన్సిల్: ఫిల్మిక్కా ఏజీఎక్సా, చెప్పనేలేదు.

వాక్‌త్రూ వాసు: ఫిల్మిక్. రెండర్ పెట్టేశా, థాంక్స్ అందరికీ.

కీబోర్డు కిట్టు: మినుకు తగ్గిందా బ్రో?

చెట్టుకింద స్టూడియో: ఇక్కడే అడుగుతున్నా, నాది ఏఎండీ కార్డు, ఆర్ఎక్స్ 580. కొత్త వెర్షన్‌లో కార్డే కనపడట్లేదు.

పాత మౌస్: కనపడదు. 3.0లో ఓపెన్‌సీఎల్ (ఏఎండీ కార్డులతో రెండర్ చేసే పాత దారి) తీసేశారు, బదులుగా వచ్చిన హిప్ ఆ తరం కార్డుల మీద నడవదు. దానికి 2.93యే ఆఖరు.

చెట్టుకింద స్టూడియో: అది ఇప్పుడు దొరుకుతుందా?

పాత మౌస్: బ్లెండర్ సైట్‌లో పాతవన్నీ ఉంటాయి.